వెలుగునకు దారి చూపు స్ఫటికము

వెలుగును గూర్చి పలుకని భాష లేదు. మన తెలుగున వెలుగు, కాంతి, తేజము, ప్రభ, కిరణము అని ఎన్నియో మాటలు కలవు. సాహిత్యము బోధించు మేము ఇరువది యేండ్లుగా ఈ మాటల నడుమనే మెలగుచున్నాము. వెలుగు ప్రకాశించును, వెలుగు రంగులీనును. ఈ రెండు గుణములను కన్ను పట్టుకొనగలదు, కవి వర్ణింపగలడు. కాని వెలుగునకు మూడవ గుణ మొకటి కలదు. అది మనుష్యుని కంటికి దాదాపుగా కానరాదు. దానిని కనిపెట్టుటకు ఒక రాయి కావలసివచ్చెను. ఆ రాయి చెప్పినదానిని గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు నూటయేబది యేండ్లు పట్టెను. ఆ గుణమునకు తెలుగున ధ్రువణము అని పేరు. ఆ గుణమును బట్టి వెలుగును ఒక దారికో, మఱియొక దారికో మళ్ళించు పరికరములను గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

తెలుగు పండితునికి భౌతికశాస్త్రముతో ఏమి పని యని చదువరులు అడుగవచ్చును. కారణము చెప్పెదము. మా బడి తమిళనాటి సరిహద్దున, హోసూరు ప్రాంతమున నున్నది. ఇచ్చట ఒకే వీథిలో తెలుగు, తమిళము, కన్నడము వినవచ్చును. మా పిల్లలు గణితమును, విజ్ఞానమును తెలుగుననే చదువుచున్నారు. పదవ తరగతి దాటిన పిమ్మట వారిలో పలువురు ఆంగ్ల మాధ్యమమునకు మాఱుదురు. అట్లు వెళ్ళిన విద్యార్థిని యొకతె తన భౌతికశాస్త్ర పుస్తకమును తెచ్చి, పోలరైజేషన్ అను మాటపై వ్రేలుంచి, "సార్, దీనికి తెలుగులో మాట ఉందా?" అని అడిగెను. ఉన్నదని చెప్పితిమి. వెంట వచ్చిన తండ్రి, "మాట ఉంటే చాలునా సార్? ఆ మాట పట్టుకొని లోపలికి పోగలమా?" అనెను. అది ఎగతాళి కాదు. బిడ్డ చదువును గూర్చి బెంగ పెట్టుకొన్నవాని ప్రశ్న. ఒక భాష బడిలో నిలుచుట, నిలువకపోవుట అట్టి తండ్రుల నమ్మకముపై ఆధారపడియున్నది. కావున విజ్ఞానోపాధ్యాయులతో కూర్చుండి, పుస్తకములు తిరుగవేసి, ఆ మాట వెంట మేము నడచితిమి. చూచినది ఇచ్చట వ్రాయుచున్నాము.

ఐస్‌లాండు ద్వీపపు తూర్పు తీరమున హెల్గుస్తాదిర్ అను చోట గాజువలె నిర్మలమైన కాల్సైటు స్ఫటికములు దొరకెడివి. కాల్సైటు అపూర్వ వస్తువు కాదు. సున్నపురాతియందును, పాలరాతియందును ఉన్న కాల్షియం కార్బొనేటే అది. ఐనను అంత పెద్దవి, అంత తేటవి మఱెచ్చటను అరుదు. డెన్మార్కు దేశపు ఆచార్యుడు రాస్మస్ బార్తొలిన్ 1669లో ఈ రాతిని గూర్చి చిన్న గ్రంథము ప్రకటించెను. కాగితముపై ఒక చుక్క పెట్టి దానిమీద ఈ స్ఫటికము నుంచినచో రెండు చుక్కలు కనబడును. స్ఫటికమును మెల్లగా త్రిప్పినచో ఒక చుక్క కదలక నిలుచును. రెండవది దాని చుట్టు తిరుగును. లోనికి పోయిన కిరణము ఒకటి. వెలికి వచ్చినవి రెండు. దీనిని ద్వివక్రీభవనము అందురు. వక్రీభవన నియమమును తప్పక పాటించు కిరణము సాధారణ కిరణము. దానిని మీఱి నడచునది అసాధారణ కిరణము.

హాలండు దేశీయుడైన క్రిస్టియాన్ హైగెన్స్ 1690లో ప్రకటించిన గ్రంథమున వెలుగు తరంగమని భావించి, ఈ రెండు కిరణముల దారులను లెక్కగట్టి చూపెను. కాని ఒక చిక్కు ఆయనకు వీడలేదు. మొదటి స్ఫటికమునుండి వెలువడిన రెండు కిరణములను మఱియొక స్ఫటికము గుండ పంపినచో, ఒక్కొక్కటి మరల రెండుగా చీలవలెను గదా! స్ఫటికములను రెంటిని ఒకే తీరున నిలిపినచో అవి చీలవు. రెండవదానిని కొంత త్రిప్పినచో నాలుగు కిరణములగును. ఇంకను త్రిప్పి సరిగా లంబముగా నిలిపినచో మరల రెండే మిగులును. అయితే అప్పుడు మొదట సాధారణమైనది రెండవదానిలో అసాధారణమై నడచును, అసాధారణమైనది సాధారణమగును. అనగా మొదటి స్ఫటికము ఒక్కొక్క కిరణమునకు ఏదో గుఱుతు పెట్టి పంపినదన్న మాట. ఆ గుఱుతు ఏమో తనకు తెలియలేదని హైగెన్స్ దాపరికము లేకుండ వ్రాసెను.

న్యూటను కిరణములకు పార్శ్వములు కలవేమో యని ప్రశ్నరూపమున సూచించెను. గుండ్రని కఱ్ఱను ఎటు త్రిప్పినను ఒకటే రూపు. చెక్క పలకను త్రిప్పినచో ముఖము వేఱు, అంచు వేఱు. వెలుగు కఱ్ఱవంటిది కాదు, పలకవంటిదని ఆయన ఊహ. ఈ ఊహ నూఱేండ్లు అట్లే పడియుండెను.

నెపోలియను సేనలో ఇంజనీరుగా ఈజిప్టు వెళ్ళివచ్చిన మాలస్ అను ఫ్రెంచి యువకుడు 1808లో పారిసు నగరమున తన యింటినుండి ఎదుటి లక్సెంబర్గు భవనమువైపు చూచెను. ఆ భవనపు కిటికీ అద్దములపై సాయంకాలపు ఎండ పడి మఱలుచుండెను. ఆ మఱలిన వెలుగును ఐస్‌లాండు స్ఫటికము గుండ చూచుచు స్ఫటికమును త్రిప్పగా, రెండు బింబములలో ఒకటి మసకబాఱ, రెండవది ప్రకాశించెను. నేరుగా వచ్చు ఎండలో ఇట్లు జరుగదు. గాజుపై ఏటవాలుగా పడి మఱలినంత మాత్రముననే వెలుగునకు ఆ గుఱుతు ఏర్పడునని తేలెను. అయస్కాంతమునకు ధ్రువములున్నట్లు కాంతి కణములకును ధ్రువములుండునని తలచి, మాలస్ ఈ గుణమునకు 1811లో పేరు పెట్టెను. ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములు యుద్ధమున నున్న ఆ దినములలోనే లండనులోని రాయల్ సొసైటీ ఆతనికి రంఫర్డు పతకము నిచ్చెను. 1812లో, 36 ఏండ్ల ప్రాయమున, ఆతడు క్షయవ్యాధిచే మరణించెను.

వెలుగునకు ధ్రువములు లేవని పిమ్మట తెలిసినది. 1821లో ఫ్రెనెల్ అను మఱియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వెలుగు తిర్యక్ తరంగమని నిరూపించెను. పలుపుత్రాటి ఒక కొనను గుంజకు కట్టి, రెండవ కొనను చేతబట్టి క్రిందికి మీదికి ఆడించినచో అల ముందుకు పోవును. త్రాడు మాత్రము క్రిందికి మీదికి ఊగును. ప్రక్కలకు ఆడించినచో అల ముందుకు పోవుట ఒకటే, ఊగు దిశ వేఱు. వెలుగును ఇట్టిదే. సూర్యునినుండి గాని, దీపమునుండి గాని వచ్చు వెలుగులో అన్ని దిశల ఊగుటలు కలగలసియుండును. ఊగుట ఒకే దిశయందు నిలిచిన వెలుగు ధ్రువితమైనది. కాల్సైటు స్ఫటికములో పరమాణువుల అమరిక అన్ని దిశలకు సమానము కాదు గనుక, ఒక దిశన ఊగు వెలుగునకు వక్రీభవన గుణకము 1.658, దానికి లంబముగా ఊగు వెలుగునకు 1.486 వఱకు తగ్గును. వేగములు వేఱగుటచే దారులు వేఱగును. ఇంతియే రెండు చుక్కల రహస్యము.

ఇప్పుడు మాటకు వత్తము. మాలస్ ఊహ నిలువలేదు గాని ఆతడు పెట్టిన పేరు నిలిచెను. ఐరోపా భాషలన్నియు లేని ధ్రువములను పేరున మోయుచునే యున్నవి. మనవారు దానిని ధ్రువణమని తెనిగించిరి. ఆ అనువాదముతోపాటు పొరపాటు కూడ మనకు సంక్రమించినదా? మేము మొదట ఈ సందేహముతోనే నిఘంటువు విప్పితిమి. ధ్రువ శబ్దమునకు మూలార్థము స్థిరము, నిశ్చలము అని. చుక్కలన్నియు తిరుగుచుండ తాను కదలకయుండునది గనుక ఉత్తరపు నక్షత్రమునకు ధ్రువుడని పేరు. తహశీల్దారు కార్యాలయమున మనము పొందు ధ్రువపత్రములోని ధ్రువమును ఇదియే. కావున ధ్రువణమనగా స్థిరపఱచుట. పలు దిశల ఊగు వెలుగును ఒక దిశయందు నిలుపుట. ఫ్రెనెల్ తెలిసికొన్న సత్యము కూడ సరిగా ఇదియే! మూలభాషలో తప్పు ఊహకు గుఱుతుగా నిలిచిన పేరు మన భాషలోనికి వచ్చుసరికి ఒప్పును పలుకుచున్నది. ఇది అనువాదకుని నేర్పో, శబ్దము చేసిన పుణ్యమో చెప్పజాలము. కాని మా విద్యార్థిని తండ్రికి తగిన సమాధానము ఇచ్చట దొరకినది. ఈ మాట పట్టుకొని లోపలికి పోవచ్చును; ఇంగ్లీషు మాట పట్టుకొన్నవానికంటె ఒక అడుగు ముందే చేరవచ్చును.

ఇక పరికరముల సంగతి. కాల్సైటు కిరణమును రెండుగా చీల్చును గాని ఆ రెండును ఒకదానిప్రక్క నొకటి అతిసమీపముగా నడచును. వానిని దూరము చేయుట ఎట్లు? ఎడింబరోనగరపు విలియం నికల్ 1828లో ఉపాయము చూపెను. స్ఫటికమును మూలకు మూలగా కోసి, ఆ రెండు ముక్కలను కెనడా బాల్సము అను చెట్టు బంకతో మరల అంటించెను. ఆ బంక గుణకము ఇంచుమించు 1.55. సాధారణ కిరణము 1.658నుండి తక్కువ గుణకముగల బంకను ఏటవాలుగా తాకుటచే లోనికి చొరలేక సంపూర్ణముగా పరావర్తనము చెంది ప్రక్కకు పోవును. అసాధారణ కిరణమునకు ఆ అడ్డు లేదు, నేరుగా సాగిపోవును. ఒక చెట్టు జిగురు పొర ఒక వెలుగునకు గోడయై, మఱియొక వెలుగునకు వాకిలియైనది. దీనినే నికల్ పట్టకము అందురు.

ఈ చిన్న పట్టకము మన దేశ విజ్ఞాన చరిత్రలో గొప్ప పాత్ర వహించినది. చంద్రశేఖర వేంకటరామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి విశాఖపట్టణపు కళాశాలలో ఉపన్యాసకుడగుటచే బాల్యమున ఆయన చదువు ఆ తెలుగు పట్టణమున, సముద్రపు టొడ్డున సాగెను. తమిళ బాలుడు తెలుగునాట చదువుకొనిన కథ యిది. తెలుగు పిల్లలు తమిళనాట చదువుకొను మా బడిలో దీనిని చెప్పుట మాకు ప్రీతి. 1921లో ఇంగ్లండునుండి నర్కుండా అను ఓడపై మఱలివచ్చుచు రామన్ మధ్యధరా సముద్రపు నీలిమను చూచెను. ఆకాశపు నీలము నీటిపై ప్రతిఫలించుటచేతనే సముద్రము నీలముగా కనబడునని అంతకు ముందు పెద్దలు చెప్పియుండిరి. రామన్ వద్ద నికల్ పట్టకము ఉండెను. నీటిపై తగిన కోణమున మఱలిన వెలుగు ధ్రువితమైనది గనుక, పట్టకమును సరియగు తీరున త్రిప్పి చూచినచో ఆ ప్రతిఫలనము తొలగిపోవలెను. తొలగిపోయెను. నీలిమ మాత్రము పోలేదు, ఇంకను గాఢమయ్యెను. ఆ నీలము ఆకాశమునుండి అరువు తెచ్చుకొన్నది కాదు, నీటి అణువులు వెలుగును చెదరగొట్టుటచే కలిగిన నీటి సొత్తే అని ఆయన గ్రహించెను. ఆ విచారణయే క్రమముగా 1928 నాటి రామన్ ఫలితమునకు దారి తీసెను. జేబులో పట్టు ఒక రాతి ముక్క, సరియైన ప్రశ్న ఎఱిగినవాని చేత ఎంత పని చేసినదో చూడుడు.

పరికరములలో రెండు తెగలు కలవు. ఒక తెగ తనకు నచ్చిన వెలుగును మాత్రము పోనిచ్చి తక్కినదానిని తనలోనే హరించివేయును. ఎడ్విన్ లాండ్ అను అమెరికా దేశీయుడు 1929లో కనిపెట్టిన పోలరాయిడు రేకు అట్టిది. చలువ కళ్ళద్దములలో నున్నది ఆ జాతిదే. అది చవుక, తేలిక, ఉపయోగకరము. కాని వచ్చిన మామూలు వెలుగులో సగము అందు నశించును. రెండవ తెగ దేనిని హరింపదు. రెండు కాల్సైటు ముక్కలను దిశలు మార్చి జతచేసిన వొలాస్టన్ పట్టకము ఒక కిరణమును ఎడమకు, ఒక దానిని కుడికి పంపును. రెండును క్షేమముగా వెలికి వచ్చును. మొదటిది కావలికాడు, రెండవది బాటలు విడు చోట నిలిచి దారి చూపువాడు. ఏ పనికి ఏది కావలెనో అది వాడుదురు. అయినను రెండింటినీ నిలుపగల దానిని పోగొట్టుకొనక వాడుటయే శాస్త్రజ్ఞులు నేర్చిన విద్య.

స్ఫటికములు ఖరీదైనవి. ఐస్‌లాండు గని యెన్నాళ్ళు ఈయగలదు? అమెరికాలో మాక్నీల్ అను నతడు 1946లో పేటెంటు పొందిన ఉపాయమున స్ఫటికముతోనే పని లేదు. బ్రూస్టర్ అను స్కాట్లండు పండితుడు 1815లో ఒక నియమము కనుగొనియుండెను. ప్రతి పారదర్శక పదార్థమునకు ఒక కోణము కలదు. నీటికి నిట్టనిలువు గీతనుండి సుమారు 53 డిగ్రీలు, గాజునకు సుమారు 56 డిగ్రీలు. ఆ కోణమున పడిన వెలుగులో ఒక దిశన ఊగు భాగము ఏ మాత్రము మఱలక లోనికి పోవును. లంబదిశ భాగము కొంత మఱలును. ఆ కొంత చాలదు గదా! కావున రెండు గాజు పట్టకముల నడుమ మిక్కిలి పలుచని పొరలను హెచ్చు గుణకముది ఒకటి, తక్కువ గుణకముది ఒకటిగా పేర్చిరి. ఒక్కొక్క పొరయొద్ద కొంతకొంతగా మఱలి, చివఱకు ఒక దిశ భాగము దాదాపుగా అంతయు ప్రక్కకు తిరుగును. రెండవ దిశ భాగము పొరలు ఉన్నవో లేవో అన్నట్లు నేరుగా సాగును. చూచుటకు ఇది చిన్న గాజు ఘనము. దీనిని ధ్రువణమును బట్టి కిరణమును విభజించు ఘనము అని చెప్పుకొనవచ్చును.

ఈ ఘనము ఒకప్పుడు మన యిండ్లలోనే ఉండెడిది, మన మెఱుగము. 1982లో వాడుకలోనికి వచ్చిన పాటల బిళ్ళలను, పిమ్మట వచ్చిన సినిమా బిళ్ళలను చదువు యంత్రములలో పెక్కింట ఇది కలదు. లేజరు కిరణము ఘనము గుండ నేరుగా పోయి బిళ్ళను తాకి, అదే దారిన వెనుకకు రావలెను. వచ్చిన వెలుగును లేజరువైపు కాక, చదువు కన్నువైపు మళ్ళింపవలెను. దీనికై ఘనమునకును బిళ్ళకును నడుమ పావుతరంగపు పలక ఒకటి నిలుపుదురు. పోవునప్పుడు ఒకమాఱు, వచ్చునప్పుడు ఒకమాఱు దానిగుండ నడచుటచే వెలుగు ఊగు దిశ 90 డిగ్రీలు మాఱును. పోవునపుడు ఘనమునకు వాకిలియైనది వచ్చునపుడు అద్దమగును; వెలుగు ప్రక్కకు తిరిగి కన్నును చేరును. దారి ఒకటే, వెలుగు ఒకటే. ఊగు దిశ మాఱుటచే గమ్యము మాఱినది.

వచ్చిన వెలుగు లేజరులోనికి మరల చొచ్చినచో దాని పని చెడును. పెద్ద లేజరులకును, తంతు మార్గములకును గట్టి కాపలా కావలెను. దీనికి ఫారడే 1845లో కనిపెట్టిన విశేషము తోడ్పడినది. అయస్కాంత క్షేత్రమున నున్న గాజు గుండ వెలుగు పోవునపుడు దాని ఊగు దిశ కొంత తిరుగును. చక్కెర పాకమును ఊగు దిశను త్రిప్పును. చక్కెర మిల్లులలో రసపు పాకమును కొలుచునది ఈ లెక్కతోనే. కాని పాకములో వెలుగు వచ్చిన దారినే మఱలినచో ఆ త్రిప్పు విడిపోయి మొదటి దిశకే వచ్చును. అయస్కాంతములో అట్లు కాదు. పోవునపుడు 45 డిగ్రీలు తిరిగినచో, వచ్చునపుడు అదేవైపునకు ఇంకొక 45 తిరిగి 90 అగును. అంతట ముందున్న పట్టకము ఆ వెలుగును రానీయక ప్రక్కకు త్రోయును. పోవుటయే గాని మఱలిరాని వాకిలి ఇది. దీనినే ఇంకొంత పెంచి కూడలి వంటి సాధనమును చేసిరి. ఒకటవ దారిన వచ్చినది రెండవ దారికి పోవును. రెండవ దారిన వచ్చినది ఒకటవ దారికి పోక మూడవ దారికి పోవును.

మన దూరవాణి మాటలును, చిత్రములును నేడు సముద్రముల క్రింద గాజు తంతువులలో వెలుగై పయనించుచున్నవి. 2010 నాటినుండి దూరప్రాంత మార్గములలో ఒక పద్ధతి వ్యాపించినది. ఒకే తంతువులో, ఒకే రంగు వెలుగుపై, ఒకదానికొకటి లంబముగా ఊగు రెండు కిరణములపై రెండు వేఱు సందేశములు పంపుదురు. మొదట వానిని కలుపునదియు, తుదకు విడదీయునదియు ఈ ధ్రువణ విభాజకములే. నడుమ తంతువు వంగుటచే, మెలికలు పడుటచే ఊగు దిశలు ఎటో తిరిగిపోవును. ఐనను అవి ఒకదానికొకటి లంబమను సంబంధము చాలవఱకు నిలిచియుండును గనుక, చేరిన చోట గణనయంత్రములు లెక్కగట్టి మొదటి రెండు సందేశములను వేఱుచేయును. ఒకే దారిన రెండు మాటలు కలసి నడచుట కలత కాదు. విడదీసి వినుట నేర్చిన చెవి ఉన్నచో అది రెట్టింపు సంపద.

ఇచ్చట మా మనస్సును పట్టిన సంగతి ఒకటి చెప్పి ముగింతుము. నిలువుగా ఊగు వెలుగు ఒక తీరున నిలిపిన కాల్సైటులో ఒక దారినే పోవును. అడ్డముగా ఊగునది రెండవ దారినే పోవును. సరిగా నడుమ, 45 డిగ్రీల ఏటవాలున ఊగు వెలుగు ఏమగును? సగము ఇటు, సగము అటు చీలును. ఒక్కొక్క కాంతి కణముగా పంపినచో కణము చీలదు. ఒకటి ఇటు, ఒకటి అటు పోవును. ఏది ఎటు పోవునో ముందుగా చెప్పుట ఎవరి తరము కాదు. అప్పుడు చూచువాడు ఈ వెలుగు నిలకడ లేనిదనియో, రెంటికి చెందక సగము సగముగా నున్నదనియో తలపవచ్చును. కాని ఆ స్ఫటికమును 45 డిగ్రీలు త్రిప్పి చూడుడు. అదే వెలుగు, అవే కణములు, ఒక్కటి తప్పక అన్నియు ఒకే దారిన పోవును. ఆ వెలుగు మొదటినుండియు నిశ్చలమైనదే, ధ్రువమైనదే. సందిగ్ధము వెలుగులో లేదు. దానిని అడిగిన స్ఫటికము నిలిచిన తీరులో నున్నది.

పొరుగు రాష్ట్రమున మేము పండిత శిక్షణ పొందిన దినములలో మా మాటలోని తమిళ కన్నడ పదములను విని తోటివారు నవ్వెడివారు. అచ్చట మమ్ము అఱవనాటివా రనిరి. ఇచ్చటికి వచ్చినచో తెలుగువా రందురు. ఏ లెక్కన చూచినను సగమే. మా విద్యార్థులును ఈ మాట వినుచునే యున్నారు. తెలుగు పత్రిక చదువువాడు వీరి తెలుగు కలగూర యనును. బజారువాడు వీరి తమిళమునకు యాస కలదనును. ఇంట తెలుగు, అంగడిని తమిళము, సంతలో కన్నడము పలుకు బిడ్డ మూడు ముక్కలైన బిడ్డ కాదు. ఆ బిడ్డ మాటకు తనదైన దిశ కలదు. మూడు నూఱేండ్లకు పైబడి ఈ నేలపై మన పెద్దలు పలికిన తెలుగునకు తనదైన నిలుకడ కలదు. వేఱొక తీరున నిలిచిన స్ఫటికము దానిని సగము చేసి చూపినంత మాత్రమున అది సగము కాదు. ఇది కేవలము పోలికయే యని మే మెఱుగుదుము. భాష వెలుగు కాదు, బడి పట్టకము కాదు. ఐనను సరియైన పోలిక ఒక్కొకప్పుడు మనస్సునకు ధైర్యము నిచ్చును. ఆ ధైర్యము మా పిల్లలకు అవసరము.

విద్యార్థులారా! చదివి ఊరకుండక చేసి చూడుడు. ధ్రువణ కళ్ళద్దములు ఇంట ఎవరి వద్దనైన నుండును. వానిని కాలిక్యులేటరు ముందుంచి మెల్లగా త్రిప్పుడు; అంకెలు కనబడు పలక ఒకచోట నల్లనగును. చెఱువుగట్టుపై నిలిచి, ఏటవాలుగా నీటిని చూచుచు అద్దమును త్రిప్పుడు; తళతళ తొలగి నీటిలోని నాచు కనబడును. ఉదయమున సూర్యునికి అడ్డముగా, నడినెత్తినున్న ఆకాశమును చూడుడు. అద్దము త్రిప్పినకొలది నీలము తగ్గుచు హెచ్చుచు నుండును. సూర్యునివైపు మాత్రము ఏ అద్దముతోను చూడరాదు.

మన హోసూరునకు ఇంచుమించు 40 కిలోమీటర్ల దూరమున, బెంగుళూరులో, రామన్ 1948లో స్థాపించిన పరిశోధనాలయము కలదు. అచ్చటివారు నిర్మించిన పోలిక్స్ అను పరికరము 2024 జనవరి 1న తెలుగునేలయందలి శ్రీహరికోటనుండి ఎక్స్‌పోశాట్ అను ఉపగ్రహముతో అంతరిక్షమునకు ఎగసెను. సుదూర నక్షత్రములనుండి వచ్చు ఎక్స్ కిరణముల ధ్రువణమును అది కొలుచును. తేలిక పరమాణువుల పదార్థముపై పడిన ఆ కిరణములు తమ ఊగు దిశకు లంబముగా ఎక్కువగా చెదరును. ఏ వైపు ఎన్ని చెదరినవో లెక్కించి, ఆ కిరణములు ఏ దిశన ఊగుచు వచ్చినవో తెలిసికొందురు. బార్తొలిన్ చుక్కపై నుంచిన రాయి నేడు చుక్కలవైపే తిరిగినది. ఆ పరిశోధనాలయపు వాకిలి దాటి లోనికి పోవలెనను కోరిక మీలో ఎవరికైన కలిగినచో, ధ్రువణమను మాటను వెంట తీసికొని పొండు. అచ్చట దానిని వేఱు పేరున పిలుతురు. అర్థము మాత్రము మీ రెఱిగినదే.